ఉగ్గు సంగతి సరే చెల్లె, పగలు ఇంట్లో నీ దగ్గర ఎవరుంటారు?

బాబుకు ఆరు నెలలు నిండుతున్నాయి, సీసాల్లో అమ్మేది వద్దు, ఇంట్లోనే వండి పెడతా, ఎట్లా అని అడిగావు. పెద్ద పనేం కాదు. మాది మిర్యాలగూడ, డాలస్‌కు వచ్చి పదిహేనేళ్లు దాటింది, ఇద్దర్నీ ఉగ్గుతోనే పెంచాను. కానీ ముందు నా తెలివితక్కువ పనులు విను, నీకు ఆ తిప్పలు తప్పుతాయి.

అమ్మ ఫోన్లో చెప్పినట్టే రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించాను. ఊరి నుంచి మోసుకొచ్చిన 750 వాట్ల మిక్సీ ఉంది కదా, ఇక్కడి కరెంటేమో 120 వోల్టులు, అందుకని చవగ్గా దొరికిన, వోల్టేజి పెంచే ఒక చిన్న కన్వర్టర్‌కు తగిలించాను. అర నిమిషం గుయ్యిమంది, అంతే, పొగ. స్మోక్ అలారం మోత, బిడ్డ ఏడుపు, నేను కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతూ, జారులో సగం నలిగిన రవ్వ. పారేయబుద్ధి కాక దాన్నే మరిగే నీళ్లలో పోశాను, ఉండలు ఉండలు. ముందు చల్లనీళ్లలో కలిపి, అప్పుడు సన్నమంట మీద తిప్పుతూ ఉడికించాలట. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే నోటితో చెప్పేది కూడా కాదు, గరిటె లాక్కుని తనే తిప్పేది.

ఇంకోటి చెప్తే నవ్వుతావు. ఇక్కడ చాలా ఊళ్లలో నల్లా నీళ్లలో ఫ్లోరైడ్ కావాలనే కలుపుతారని తెలిసి నాకు గుండె ఆగినంత పనైంది. నల్లగొండ జిల్లాలో పుట్టినదాన్ని, ఆ మాట వింటే ఫ్లోరైడ్ నీళ్లకు మర్రిగూడ దిక్కు వంగిపోయిన కాళ్లే కళ్లముందుకొస్తాయి. మూడు నెలలు ఉగ్గుకు కూడా క్యాన్ నీళ్లే మోశాను. ఇక్కడ సిఫార్సు చేసేది లీటరుకు 0.7 మిల్లీగ్రాములే, భయపడాల్సిన లెక్క 1.5 దాటాక, అని చెప్పే మనిషి దొరికేదాకా నడుము పడిపోయింది.

మా అత్తమ్మ తేనె నాకించమంది. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, బొటులిజం అనే విషజబ్బు ప్రమాదం. ఉప్పు, తాగడానికి ఆవుపాలు కూడా అప్పటిదాకా వద్దు, చక్కెరైతే కనీసం రెండేళ్లు నిండేదాకా వద్దు. రోజూ బియ్యమే కాకుండా రాగులు, ఓట్స్, జొన్న మార్చి మార్చి పెట్టు, బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం గొడవ ఉంది. మిగతావన్నీ పిల్లల డాక్టర్ ఇచ్చే కాగితంలో ఉంటాయి, చదువుకున్నదానివి, చూసుకో. ఉడికించిన క్యారెట్, గుమ్మడి మెత్తగా చేసి ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తే నెల రోజులు నిశ్చింత.

వంట వచ్చేస్తుంది, దాని గురించి టెన్షన్ వద్దు. నా బెంగ వేరే. మీ ఆయన ఏడింటికి పోతే మళ్లీ ఏడింటికే కదా? మా బిడ్డ పగటి అన్నం పన్నెండింటికి, అప్పుడు మిర్యాలగూడలో రాత్రి పదిన్నర. అమ్మ మేలుకుని స్కైప్‌లో చూసేది. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక అక్కడ పదకొండున్నర అయ్యేది, పాపం కూర్చున్నచోటే తూగేది, స్క్రీన్ నిండా ఆమె పాపిడి ఒక్కటే కనపడేది. నేను ఆ పాపిడికి చూపిస్తూ స్పూన్ స్పూన్ పెట్టేదాన్ని, "చూడే, మింగింది" అని. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. బిడ్డ ఒక పూట తినకపోతే నాకు ఏడుపొచ్చేది, అది తినలేదని కాదని ఇప్పుడు తెలుస్తోంది.

అందుకే చెప్తున్నా, సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ చుట్టూ చీర మీద స్వెటర్ వేసుకుని, కాళ్లకు బూట్లతో నడిచే పెద్దమ్మలు ఉంటారు, కొడుకుల దగ్గరికి విజిట్‌కు వచ్చినవాళ్లు. మొహమాటపడకుండా పలకరించు, వాళ్లకూ పగలు గడవదు. నేను నాలుగు నెలలు తలుపేసుకుని కూర్చుని ఆఖరికి ఒకామెను పలకరించాను, ఖమ్మం ఆమె. మర్నాడు పదింటికల్లా మా వంటింట్లో ఉంది, గరిటె ఆమె చేతిలో. ఆమె తిరిగి పోయేనాటికి నా బిడ్డ ఆమెను అమ్మమ్మా అని పిలిచేది.

మిక్సీ మాత్రం ఇక్కడి కరెంటుకు నడిచే 110-120 వోల్టులదే కొనుక్కో.