కాలిన కొండ మీది పూల గురించి, తమ్ముడికి

తమ్ముడూ,

లాస్ ఏంజెలెస్ దగ్గర మంటలకి కాలిన కొండ మీద పూసిన పూల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను, ఒకసారి రాత్రి పడుకోబోయే ముందు, ఇంకోసారి పొద్దున కాఫీతో. ముందుగా, మేడమ్ అని రాయకు. అక్కా అను చాలు. నీ వయసుకి నేను పిన్నినే అవుతానేమో గానీ ఆ లెక్కలు ఇప్పుడెందుకులే.

బాగుందా అని అడిగావు. మూడో పేరా బాగుంది. సాక్సుల్లో మసి చేరి, కారు సీటు నల్లగా అయ్యి, మీ రూమ్మేట్ చేత చీవాట్లు తిన్న పేరా. అది నీది. అది ఇంకెవరూ రాయలేరు. మిగతాదంతా ఎవరైనా రాయొచ్చు, ఆ కొండ ఎక్కకుండానే రాయొచ్చు, నా బాధంతా అదే.

మొదటి వాక్యం "బూడిదలోంచి ఆశ మొలిచింది". చివర్లో ఫీనిక్స్ పక్షి వచ్చి వాలింది. మధ్యలో "అగ్ని కూడా ఒక వరమే" అన్నావు. మూడూ కొట్టెయ్. మొదటి రెండూ అరిగిపోయిన చెప్పులు, అందరూ వేసుకుని వదిలేసినవి. మూడోది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. 2025 జనవరి 7న మొదలైన ఆ మంటల్లో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 16 వేలకు పైగా ఇళ్ళూ కట్టడాలూ పోయాయి, మనుషులు పోయారు. నువ్వు నడిచిన కొండకి కాస్త దిగువనే, ఇళ్ళు పోయి పొగగొట్టాలు మాత్రం నిలబడ్డ వీధులు ఉండేవి. అలా ఇల్లు పోయిన ఆవిడ ఎవరో, తెలుగావిడే అనుకో, నీ ఎదురుగా కూర్చుందనుకుని ఆ వాక్యం పైకి చదివి చూడు. గొంతు పెగలదు.

ఇక "చిట్టడవి". చాపరల్ అనే ఆ కొండల మీది పొదల్ని అలా తెలుగు చేశావు, అనగానే చెట్లూ నీడా గుర్తొస్తాయి, అక్కడ అవేం లేవు కదా. మనిషి ఎత్తు పొదలు, గట్టి చిన్న ఆకులు, ఒకదాన్నొకటి అల్లుకుపోయి కుక్కపిల్ల కూడా దూరలేనంత చిక్కు. వాన చలికాలంలో పడుతుంది, తర్వాత ఐదారు నెలలు చుక్క ఉండదు. అనంతపురం వైపు గుట్టల మీద కంపా తుప్పలూ చూసినవాళ్ళకి కొంత అందుతుంది గానీ, అక్కడ వానలు జూన్ తర్వాత, ఇక్కడ అంతా తిరగేసి. నేనైతే చాపరల్ అనే రాసి, పక్కనే ఒక వాక్యంలో ఆ తుప్పల్ని చూపించి ముందుకెళ్తాను. పాఠకుడు అంత అమాయకుడేం కాదు, ఒకసారి చూపిస్తే పట్టుకుంటాడు.

నీ వ్యాసంలో అందరికీ నచ్చే వాక్యం నాకు తెలుసు. "కొండంతా ఎవరో పసుపు ఆరబోసినట్టుంది." వినడానికి బాగుంది. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. నాలుగు రేకుల చిన్న పూలు, గుత్తులుగా, భుజం ఎత్తు మొక్కలు. తమ్ముడూ, అది ఆవ. నల్ల ఆవ మొక్క, మన పోపుల డబ్బాలోని ఆవాల చుట్టమే. ఒక ఆకు నలిపి వాసన చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. ఆ కొండలకి అది పరాయిది, ఎప్పుడో యూరప్ వాళ్ళతో వచ్చి స్థిరపడిపోయింది. కాలి ఖాళీ అయిన చోట అందరికంటే ముందు లేచి, అక్కడి మొక్కల్ని లేవనివ్వదు, మే దాటేసరికి నిలువునా ఎండి తర్వాతి మంటకి పుల్లలు పేరుస్తుంది. అంటే నువ్వు పునర్జన్మ అని మురిసిపోయిన రంగు, ఆ కొండకి పట్టిన పీడ. ఈ మాట రాశాక నీ బుర్రలో ఏం మెదులుతుందో కూడా నాకు తెలుసు, ఆవ మొక్కని మనలాంటి వలస జనానికి ప్రతీక చేద్దామని. వద్దు. ఆవని ఆవగా ఉండనియ్.

నా సంగతి చెప్తాను. మేం ఉత్తర కాలిఫోర్నియాలో శాన్ రామోన్‌లో ఉండేవాళ్ళం, కిటికీలోంచి మౌంట్ డయాబ్లో కొండ కనిపించేది. 2013 సెప్టెంబరు 8న అటు తూర్పు వైపు మోర్గన్ టెరిటరీ రోడ్ దగ్గర ఎవరో తుపాకీ గురి చూసుకుంటుంటే నిప్పు అంటుకుంది, 3,100 ఎకరాలకు పైగా కాలింది. ఆ కొండ మీద అంతకు ముందు పెద్ద మంట 1977లో, మన దివిసీమ ఉప్పెన ఏడాదే. 2013 మంట తర్వాతి ఏప్రిల్‌లో నేను వెళ్ళాను. నీలాగే ఒక వ్యాసం ముందే మనసులో రాసేసుకుని మరీ వెళ్ళాను.

మొదటి అరగంట ఏమీ కనిపించలేదు. నల్ల పుల్లలు, బూడిద రంగు నేల, ఎండ. పూలు దూరం నుంచి కనపడేంత పెద్దవి కావు, దారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప దొరకవు. అలా కూర్చున్నప్పుడు ఒక కాలిన చమీస్ మొద్దు కనిపించింది. చమీస్ అంటే ఈ తుప్పల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది, ఆకుల్లో నూనె ఉండి భగ్గున మండేది. పైన కొమ్మలన్నీ బొగ్గు. మొదలు దగ్గర మాత్రం నేలకి ఆనుకుని పిడికిలంత బొడిపె, దాని చుట్టూ పచ్చటి పిలకలు, అరటి మొదట్లో వచ్చినట్టు. దాని పక్కనే మంజనీత పొద, నున్నటి ఎర్ర బెరడు కాలి పెంకులు లేచింది, దానికి పిలకల్లేవు. మంజనీతల్లో ఆ కొండా దాని చుట్టుపక్కలా తప్ప ఇంకెక్కడా పెరగని రకం ఒకటుంది, దానికి ఆ బొడిపె ఉండదు, కాలితే చచ్చిపోతుంది, మళ్ళీ విత్తు మొలిస్తేనే ఉన్నట్టు. ఆ మొలకలు పెరిగి, కాసి, నేలలో విత్తనాలు చేరేలోపు ఇంకో మంట వస్తే అక్కడ దాని కథ ముగిసినట్టే. ఒకే నిప్పు, అడుగు దూరంలో రెండు పొదలు, రెండు రకాల లెక్క. "ప్రకృతి కోలుకుంటోంది" అని రాసేస్తే ఈ రెండూ ఎటు పోయాయి?

విస్పరింగ్ బెల్స్ అనే పూలు అక్కడే చూశాను. జానెడు మొక్క, కాడంతా సన్నని నూగు, వేలికి జిగటగా అంటుకుంటుంది, మందుల షాపు వాసన. లేత పసుపు గంటలు తలకిందులుగా వేలాడుతుంటాయి. దీని విత్తనం ఎన్నో ఏళ్ళు నేలలో అలాగే పడుంటుంది, ఎన్ని వానలు పడ్డా లేవదు. దీన్ని లేపేది పొగ అని, పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే మొలుస్తుందని 1997లో జాన్ కీలీ, ఫాదరింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఆ వాయువు మన కార్ల పొగలో కూడా ఉంటుంది. ఇది తెలిసిన రోజు నా వ్యాసం మొత్తం చింపేశాను. నేను రాసుకున్నదాంట్లో పువ్వు బూడిదని "జయించింది". అది జయించడానికేం లేదు, మంట రాకముందు నుంచీ ఆ నేలలోనే ఉంది, బహుశా ఆ ఉప్పెన రోజుల నాటి విత్తే అయ్యుండొచ్చు.

నువ్వు దానికి "గుసగుసల గంటలు" అని పేరు పెట్టావు. సినిమా పాట పల్లవిలా ఉంది, సరే, ఉంచుకో. కానీ "పచ్చి పూలు గాలికి గుసగుసలాడాయి" అన్నావు చూడు, అది నువ్వు వినలేదు, పేరు చూసి అల్లేశావు. తాజా పువ్వు మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. వాడాక కూడా రేకులు రాలవు, ఎండి కాగితంలా అయ్యి కాడకే వేలాడతాయి, అప్పుడు గాలేస్తే గలగలమంటాయి. మే చివర్లోనో జూన్‌లోనో వెళ్తే వినిపిస్తుంది, ఆ ఎండకి ఫోటోలు తీసేవాళ్ళెవరూ ఉండరు కూడా.

ఇంకో తప్పు, ఇది పూర్తిగా నాది. అదే నడకలో దారికి అడ్డంగా ఎర్రటి చిగురు, తళతళా మెరుస్తూ. అచ్చం మామిడి చిగురు. పదేళ్ళు దేశం వదిలి ఉన్న మనిషిని, ఏమైందో తెలీదు, చేత్తో నిమిరాను, ఆకు తుంచి వాసన కూడా చూశాను. నోట్‌బుక్‌లో "మామిడి చిగురులాంటి" అని రాసుకున్నాను, ఆ పోలిక తట్టినందుకు మురిసిపోయాను. మర్నాటికి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు, ముక్కు మీద కూడా. పది రోజులు కలమైన్ లోషన్ పూసుకుని ఆఫీసుకెళ్ళాను. అది పాయిజన్ ఓక్. తర్వాత తెలిసింది, మామిడీ అదీ ఒకే కుటుంబం, మన జీడిమామిడీ, చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడీ కూడా. నల్లజీడి రసం తగిలి చెయ్యి పొక్కినవాళ్ళని చిన్నప్పుడు మా వీధిలోనే చూశాను. అంటే నా పోలిక నేననుకున్న దానికంటే నిజం, కానీ నేను దాన్ని ఊరి మీద బెంగ కోసం వాడుకున్నాను, అది వచ్చి ఒంటి మీద రాసింది. అందుకే నీకు పోలిక తట్టగానే ఒక్క నిమిషం ఆగు, ఇది ఆ మొక్క గురించా నీ గురించా అని అడుగు. నీ గురించే అయితే అలాగే రాయి, తప్పేం లేదు, మొక్క నెత్తిన మాత్రం పెట్టకు.

మేరీ బోవర్మన్ అని ఒకావిడ ఉండేది. 1930లో చదువుకునే రోజుల్లో మౌంట్ డయాబ్లో మొక్కల జాబితా రాయడం మొదలుపెట్టింది, పుస్తకంగా తేవడానికి 1944 దాకా పట్టింది. ఆ కొండ మీద ఒక గులాబీ రంగు బక్‌వీట్ మొక్కని 1936లో చూసింది, ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 2005 మేలో ఒక విద్యార్థికి మళ్ళీ దొరికింది. 69 ఏళ్ళు. ఆ ఆగస్టులోనే ఆవిడ 97 ఏళ్ళ వయసులో పోయింది. నువ్వు ఒక్క ఆదివారం మూడు గంటలు నడిచి, ఆ రాత్రే రాసి, రాత్రి పన్నెండింటికి నాకు పంపావు. తప్పు పట్టడం లేదు, నేనూ ఒక పెద్దాయనకి అలాగే పంపేదాన్ని, ఆయన జవాబు కూడా ఇచ్చేవాడు కాదు, ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

2016లో మళ్ళీ అదే దారిలో వెళ్ళాను. ఒక్క గంట పువ్వు కూడా లేదు. చమీస్ బాగా గుబురెక్కింది, కిందంతా నీడ, నేల కనపడట్లేదు. ఆ పూల విత్తనాలు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి, ఇంకో పొగ వచ్చేదాకా అంతే. ఆ రోజు చూడ్డానికేం లేదని గంటలో తిరిగొచ్చేశాను, ఒక్క వాక్యం రాసుకోలేదు. ఇన్నేళ్ళుగా రాయడానికి మనసు పోతున్నది మాత్రం ఆ రోజు గురించే.

నువ్వు మళ్ళీ వెళ్ళు. మూడో పేరా దగ్గర మొదలుపెట్టి రాయి, మసి సాక్సులు, కారు సీటు, రూమ్మేట్. ఆవ ఉంచు, ఇప్పుడు అదేమిటో తెలుసు కాబట్టి ఇంకా బాగా రాస్తావు. కాలిన వీధి దాటే కొండకి వెళ్ళి ఉంటావుగా, దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు, కారులో ఆ రెండు నిమిషాలూ ఎవరేం మాట్లాడారో గుర్తుంటే అదీ రాయి. పంపడానికి తొందరేం లేదు, నేనెక్కడికీ పోను.

అక్క

తా.క. పొట్టి నిక్కరుతో వెళ్ళకు, నిండు ప్యాంటు వేసుకో. దారి దాటి వాలు మీదికి దిగకు, కాలిన మట్టి జారుతుంది, కనపడని మొలకలు కాలి కింద పోతాయి. మూడేసి ఆకులు మెరుస్తూ కనిపిస్తే అది పాయిజన్ ఓక్ కావచ్చు, ముట్టుకోకు, తగిలిందని అనుమానం వస్తే ఇంటికి రాగానే చల్లనీళ్ళూ గిన్నెల సబ్బూ పెట్టి చేతులు కడుక్కో, ఫోన్ కూడా తుడువు, నేను ఫోన్ మర్చిపోయాను, చెంప మీదికి దాన్నుంచే ఎక్కింది.