ఆ కాల్స్ ఒక మెసేజ్‌తో ఆగుతాయి, ఆ ఈఎంఐ ఆగదు

ప్రశ్న: సర్, మాది విజయవాడ. నాలుగు నెలల కింద మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపితే ఒక ట్రావెల్ కంపెనీ వాళ్ళు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలు ఇద్దరూ రావాలి అని హోటల్‌కి పిలిచారు. ఆ రోజే 3,20,000కి 25 ఏళ్ళ హాలిడే మెంబర్‌షిప్ తీసుకున్నాం. 50,000 క్రెడిట్ కార్డు మీద గీకాను, మిగతాది పర్సనల్ లోన్. ఇంతవరకు ఒక్క ట్రిప్పూ వెళ్ళలేదు, దసరా సెలవులకి అడిగితే రూములు లేవన్నారు. కానీ కాల్స్ మాత్రం రోజూ వస్తున్నాయి. ఇంకో 1,80,000 కడితే అప్‌గ్రేడ్ చేస్తాం, సీజన్‌లో కూడా రూమ్ గ్యారంటీ అంటున్నారు. వేరే వాళ్ళెవరో ఫోన్ చేసి మీ మెంబర్‌షిప్ మేం అమ్మిపెడతాం అంటున్నారు. ఆఫీసులో పని చేసుకోనివ్వట్లేదు, ఈ కాల్స్ ఆపడం ఎలా? అప్‌గ్రేడ్ మంచిదే అయితే మా ఆవిడ బంగారం పెట్టి లోన్ తీసుకుందాం అనుకుంటున్నా.

జవాబు: మీ మెయిల్‌లో ముక్కాలు భాగం కాల్స్ గురించే ఉంది, అసలు సంగతి చివరి లైన్లో ఉంది. ఇలాంటి మెయిల్స్ నాకు ఈ మధ్య బాగా వస్తున్నాయి, అందరూ అడిగేది ఫోన్ ఎలా ఆపాలనే, ఆ ఫోన్‌కి పడిపోయి చేసిన అప్పు గురించి ఎవరూ అడగరు. అందుకే మీ పేరు తీసేసి అందరికీ కనపడేలా జవాబు రాస్తున్నా.

ముందు కాల్స్ సంగతి తేల్చేద్దాం. ఇంగ్లీషులో స్టార్ట్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి 0 పెట్టి 1909కి ఎస్ఎంఎస్ పంపండి, ప్రమోషన్ కాల్స్, మెసేజ్‌లు మొత్తం బ్లాక్ కింద పడతాయి. టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ (నాకు అమ్మకం కాల్స్ వద్దు అని చెప్పుకునే ఏర్పాటు) యాప్ కూడా వేసుకోండి, కంప్లయింట్ అందులోంచే ఇవ్వొచ్చు. రిజిస్టర్ అయిన కంపెనీలు అమ్మకం కాల్ చేస్తే 140తో మొదలయ్యే నంబర్ నుంచే చేయాలి. మీకు వస్తున్నవి మామూలు పది అంకెల మొబైల్ నంబర్ల నుంచి అన్నారు కదా, అలా చేయడమే రూల్‌కి విరుద్ధం, మీరు డీఎన్‌డీ పెట్టుకోకపోయినా సరే వాళ్ళ మీద కంప్లయింట్ ఇవ్వొచ్చు, 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ ఈ మార్పు తెచ్చింది. కాల్ వచ్చిన 7 రోజుల్లోపు ఇవ్వాలి, అంతకుముందు 3 రోజులే ఉండేది. ఒకే వ్యక్తి మీద 10 రోజుల్లో 5 కంప్లయింట్లు పడితే టెలికాం కంపెనీ కదలాలి, కాబట్టి బ్లాక్ కొట్టి ఊరుకోకండి. మీరు బ్లాక్ చేస్తే వాడు ఇంకో సిమ్ తీస్తాడు అంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరు ఇప్పుడు వాళ్ళ మెంబరు, కూపన్ మీదో అగ్రిమెంట్‌లోనో మాకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు అని మీరు సంతకం పెట్టే ఉంటారు. మీరు అనుమతి ఇచ్చిన కంపెనీకి డీఎన్‌డీ అడ్డు రాదు. అందుకని మీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి వాళ్ళ కస్టమర్ కేర్‌కి రెండు లైన్లు రాయండి, అమ్మకాలకి సంబంధించిన కాల్స్‌కి నేనిచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను, బుకింగ్ విషయాలు మెయిల్‌లోనే పంపండి అని. ఫోన్‌లో చెప్తే లెక్కలోకి రాదు. ఆ అమ్మిపెడతాం అనే రెండో బ్యాచ్ మాత్రం వేరే రకం, వాళ్ళు పార్టీ రెడీగా ఉంది ముందు జీఎస్టీ కింద 35,000 కట్టండి, ఎన్ఓసీకి ఇంకో 15,000 కట్టండి అంటూ వస్తారు. కొనేవాడే ఉంటే అమ్మేవాడి దగ్గర డబ్బులెందుకు అడుగుతాడు? కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్లో మోసపు కాల్స్ మీద ఫిర్యాదుకి చక్షు అని ఉంటుంది, వాళ్ళ నంబర్లు అందులో పెట్టండి. ఇప్పటికే ఏమైనా పంపేసి ఉంటే ఈ జవాబు పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సరే, ఇక డబ్బు సంగతి.

మీరు పంపిన లెక్క నేను ఒక కాగితం మీద వేశాను. మీ జీతం చేతికొచ్చేది 42,000, మీ ఆవిడకి స్కూల్లో 18,000, మొత్తం 60,000. అద్దె, ఫీజులు, పచారీ, పెట్రోలు, బండి కిస్తీ కలిపి 35,500. 16 శాతం మీద మూడేళ్ళకి తీసుకున్న 2,70,000 పర్సనల్ లోన్ ఈఎంఐ 9,500. కార్డుకి మినిమమ్ డ్యూ 3,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 3,000. కాలనీలో చీటీ 5,000. అంటే 56,000 పోయి నెలకి 4,000 మిగలాలి, అది కూడా ఎక్కడికి పోతోందో మీకు తెలీదన్నారు. సేవింగ్స్ అకౌంట్లో ఉన్నది 38,000. అంటే రేపు మీ ఉద్యోగం పోతే, మీ ఆవిడ జీతం కలుపుకున్నా ఇదే ఖర్చుతో ఒక్క నెలే గడుస్తుంది. నిజంగా ఒక్క నెలే! ఇద్దరు పిల్లలున్న ఇల్లు, 38,000 చేతిలో పెట్టుకుని 25 ఏళ్ళ రిసార్ట్ అగ్రిమెంట్ మీద సంతకం.

ఆ హోటల్ హాల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, మీలాగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేది ఎప్పుడూ ఒకటే కథ. పాటలు గట్టిగా పెడతారు, పక్క టేబుల్లో ఎవరో సంతకం పెట్టగానే చప్పట్లు, మీకు మొదట 5 లక్షలు అని చెప్పి, మేనేజర్ని అడిగొస్తా అని లేచి వెళ్ళి 3,20,000కి దింపుతారు, ఈ రేటు ఈ రాత్రికే అంటారు, ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాం అంటే మీ ఆవిడ ముందే మీకు నిర్ణయం తీసుకునే ధైర్యం లేదా అన్నట్టు చూస్తారు. అక్కడ కూర్చున్నవాడికి లెక్క వేసే టైమ్ ఇవ్వరు. ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. వడ్డీతో కలిపి లోన్‌కి మీరు కట్టేది 3,41,700, కార్డు 50,000, మొత్తం 3,91,700. పాతికేళ్ళకి పంచితే ఏడాదికి 15,670. పైన మెయింటెనెన్స్ ఛార్జీ ఏడాదికి 12,000, వెళ్ళినా వెళ్ళకపోయినా, అదీ పెంచుకుంటూ పోతామని అగ్రిమెంట్‌లోనే ఉందన్నారు. ఏడాదికి 7 రాత్రులు. రాత్రికి దగ్గర దగ్గర 4,000 పడింది, ఇందులో కార్డు వడ్డీ లేదు, బండి ఖర్చు లేదు, తిండి లేదు. ఆ డబ్బుకి అరకులో మీకు నచ్చిన హోటల్లో, మీకు సెలవు దొరికినప్పుడు దిగొచ్చు, ఎవడినీ గ్యారంటీ అడగక్కర్లేదు.

అప్‌గ్రేడ్ వద్దు. ఈ విషయంలో ఆలోచించడానికి కూడా ఏమీ లేదు. మొదట అమ్మినప్పుడు ఇస్తామన్న రూమే ఇవ్వలేనివాడు ఇంకో 1,80,000 ఇస్తే ఇస్తాడా? పైగా బంగారం మీద. సంవత్సరానికి 12 శాతం అనుకున్నా నెలకి 1,800 వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది, ఏడాది అయ్యాక తిరగరాయించడం, మళ్ళీ తిరగరాయించడం, ఆఖరికి వేలం నోటీసు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మీ ఇంట్లో అత్యవసర నిధి అనేది లేదు, అలాంటి ఇంట్లో రాత్రి రెండింటికి పిల్లాడిని ఆస్పత్రిలో అడ్మిట్ చేయాలంటే అక్కరకొచ్చేది ఆ బంగారమే. దాన్ని తీసుకెళ్ళి సముద్రం కనపడే రూమ్ కోసం తాకట్టు పెడతానంటున్నారు. మీ ఆవిడ ఒప్పుకున్నారని రాశారు, ఆవిడకి ఈ లెక్క మొత్తం చూపించి అప్పుడు అడగండి.

ఇప్పుడు వరసగా చేయాల్సింది చెప్తా. మొదట ఆ క్రెడిట్ కార్డు. నెలకి మూడున్నర శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, 50,000 మీద అది 2,000 పైమాటే. మీరు నెలనెలా కడుతున్న 3,000లో అసలుకి పోయేది వెయ్యి కూడా లేదు, అందుకే నాలుగు నెలలు కట్టినా ఇంకా 47,000 చూపిస్తోంది. మినిమమ్ డ్యూ కడితే సరిపోతుంది అని మీకు ఎవరు చెప్పారో గానీ, బ్యాంకుకి సరిపోతుంది, మీకు కాదు. మీ మ్యూచువల్ ఫండ్‌లో 56,000 ఉంది కదా, అందులోంచి 47,000 తీసి కార్డు ఈ బిల్లుకే సున్నా చేయండి. సిప్ మధ్యలో తీయకూడదు అని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, కానీ ఏడాదికి 42 శాతం అప్పు ఒక పక్క పెట్టుకుని ఇంకో పక్క 12 శాతం వస్తుందేమో అని చూస్తూ కూర్చోవడంలో అర్థం లేదు. సిప్ కొన్నాళ్ళు ఆపండి. కార్డు తీసి ఇంట్లో పెట్టేయండి.

సేవింగ్స్‌లో ఉన్న 38,000 ముట్టుకోవద్దు, అది మీ అత్యవసర నిధికి పునాది. మీ ఇంటికి ఈఎంఐతో కలిపి నెలకి 45,000 తప్పనిసరి ఖర్చు, ఆరు నెలలకి 2,70,000 కావాలి. ఆ అంకె చూడండి, మీరు ఆ రాత్రి తీసుకున్న లోన్ కూడా సరిగ్గా అంతే. కార్డుకి కట్టే 3,000, సిప్ 3,000 కలిపి నెలకి 6,000 జీతం పడిన రోజే వేరే బ్యాంకులో ఎఫ్‌డీకి వెళ్ళిపోవాలి, మీ ఏటీఎం కార్డు లేని అకౌంట్ అయితే ఇంకా మంచిది. చీటీ ఇంకో 8 నెలలు ఉందన్నారు, దాన్ని పాడుకోవద్దు, ఆఖరి దాకా ఉంచండి, లక్ష దాకా చేతికొస్తుంది. రిజిస్టర్ చీటీ కాదు, తెలిసినవాళ్ళది అన్నారు, అది నాకు నచ్చలేదు, అయిపోయాక మళ్ళీ వేయకండి. 8 నెలల తర్వాత మీ దగ్గర 1,86,000 ఉంటుంది. అక్కడి నుంచి చీటీ 5,000 కూడా కలిపి నెలకి 11,000 వేస్తే ఇంకో 8 నెలల్లో 2,70,000 దాటుతుంది. ఏడాదిన్నర లోపు పని. బోనస్ వస్తే ఇంకా ముందే.

మీరడిగే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు, 16 శాతం లోన్ ఉండగా 6, 7 శాతం ఎఫ్‌డీలో పెట్టమంటారేంటి, ఆ డబ్బుతో లోన్ తీర్చేయొచ్చు కదా అని. కాగితం మీద మీదే కరెక్ట్. కానీ లోన్‌కి కట్టిన డబ్బు మళ్ళీ వెనక్కి రాదు. మూడు నెలలు జీతం ఆగితే మీరు మళ్ళీ అప్పుకే వెళ్తారు, అప్పుడు 16కి ఎవడూ ఇవ్వడు, ఫోన్లో కాంటాక్ట్స్ అన్నీ లాక్కునే యాప్ లోన్ దాకా పోతారు, అక్కడికి పోయినవాళ్ళ కథలు మీరూ వినే ఉంటారు. చేతిలో డబ్బు లేనివాడికే ఈ కాల్స్ అన్నీ బాగా పనిచేస్తాయి, ఎందుకంటే వాడికి నెలకి ఇంతే అని చెప్తే చాలు. కాబట్టి నిధి నిండేదాకా లోన్ ముందస్తుగా తీర్చే ఆలోచన వద్దు, నిండాక ఫోర్‌క్లోజర్ ఛార్జీ, అంటే గడువుకి ముందే తీర్చేస్తే బ్యాంకు వేసేది, ఎంతో చూసుకుని అప్పుడు చూద్దాం.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట, ఆఫీసు ఇచ్చిన 3 లక్షల పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, టర్మ్ ప్రీమియంల మీద జీఎస్టీ లేదు, సొంత పాలసీ రేట్లు కనుక్కోండి. పీఎఫ్ జోలికి వెళ్ళకండి.

ఇక మెంబర్‌షిప్ వదిలించుకోవడం. వెనక్కి ఇచ్చే గడువు అగ్రిమెంట్‌లో 10 రోజులే అని ఉందన్నారు, అది దాటిపోయింది. అయినా దసరాకి రూమ్ అడిగిన మెయిల్, లేదన్న జవాబు, ఆ రాత్రి గ్యారంటీ అని రాసిచ్చిన కాగితం ఉంటే అవన్నీ పెట్టి క్యాన్సిల్ చేసి డబ్బు వెనక్కివ్వమని రాయండి. జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతి సైట్లో ఇంటి నుంచే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే చోటే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోకండి, కొంత వచ్చినా అది నేరుగా అత్యవసర నిధిలోకే.

కోపంతో లోన్ ఈఎంఐ మాత్రం ఆపకండి. కంపెనీ మోసం చేసింది కాబట్టి బ్యాంకుకి కట్టను అనేవాళ్ళని చూశాను, పర్సనల్ లోన్ మీ పేరు మీద మీరు తీసుకున్నది, బ్యాంకుకి ఆ రిసార్ట్‌తో సంబంధం లేదు, పోయేది మీ సిబిల్ స్కోరే.

ఇంకొకటి, మెయింటెనెన్స్ 12,000 బిల్లు ఏ నెలలో వస్తుందో అగ్రిమెంట్‌లో వెతకండి. క్యాన్సిల్ మెయిల్ ఆ తేదీకి ముందే వెళ్ళాలి, వెళ్ళిన కాపీ దాచుకోవాలి. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపితే ఆ క్లాజు నేను చూసి చెప్తా.