అత్తగారిని చూసుకోడానికి జీతమా అంటే

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం సగానికి తగ్గించుకుని మీ అత్తగారిని చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడకి మెడి-క్యాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి కాలిఫోర్నియా ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంది కదా, ఇంట్లో చూసుకునే మనిషికి జీతమిచ్చే ఐ.హెచ్.ఎస్.ఎస్. పథకానికి ఎందుకు పెట్టలేదంటే "నలుగురూ ఏమనుకుంటారు" అన్నావట. ఆ నలుగురిలో ఎవరైనా వచ్చి ఆవిడకి స్నానం చేయిస్తారేమో అడుగు. పెద్దవాళ్లు నర్సింగ్ హోమ్ పాలవకుండా ఇంట్లోనే ఉండాలని కాలిఫోర్నియాలో ఈ పథకం పెట్టారు. బయటి మనిషికి ఇచ్చే జీతమే కోడలికీ, కొడుక్కీ ఇస్తారు.

కౌంటీలో దరఖాస్తు పెట్టు, డాక్టరుచేత ఎస్.ఓ.సి. 873 ఫారం నింపించు. తర్వాత ఆవిడకి ఎంత సాయం కావాలో చూసి, నెలకి ఎన్ని గంటలకి జీతమివ్వాలో లెక్క కట్టడానికి సోషల్ వర్కర్ ఇంటికొస్తుంది. జాగ్రత్తంతా ఆ రోజే.

మనవాళ్ల సంగతి తెలుసుగా. ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు సర్దేసి, పెద్దావిడకి మంచి చీర కట్టి కూర్చోబెడతాం. ఎలా ఉన్నారంటే ఆవిడేమో "నాకేం, అన్నీ నేనే చేసుకుంటా" అంటుంది. గంటలు అక్కడే పోతాయి. స్నానం, బట్టలు, బాత్‌రూమ్, వంట, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, ఇలా ఒక్కో పనికీ విడిగా లెక్క కడతారు. నెలకి 283 గంటల దాకా ఇవ్వొచ్చు గానీ అడగనిదే రావు. ముందే ఓ వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో, రాత్రి ఎన్నిసార్లు లేచావో రాసిపెట్టుకో. బాగాలేని రోజు ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పు. పొయ్యి వెలిగించి మర్చిపోతోందని, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోతోందని విన్నాను. ఆవిడ ఎదుట చెప్పడం కష్టమైతే పక్క గదిలో చెప్పు, మొహమాటపడి మింగేయకు. అలా కనిపెట్టుకుని ఉండడానికి వేరే గంటలున్నాయి, దానికి డాక్టరు ఎస్.ఓ.సి. 821 నింపాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడుగు, ఖర్చుండదు. గంటలు తక్కువిచ్చారనిపిస్తే 90 రోజుల్లోగా స్టేట్ హియరింగ్‌కి, అంటే రాష్ట్రం దగ్గర అప్పీలుకి, పెట్టుకోవచ్చు.

నీ వైపు నుంచి వేలిముద్రలు, ఓరియంటేషన్, నెలకి రెండు టైమ్‌షీట్లు. తమాషా ఏమిటంటే ఆ లెక్కలో మీ అత్తగారే నీ యజమాని, నీ గంటలు ఆవిడే ఒప్పుకోవాలి. (ఇందులో కొత్తేముంది అంటావేమో!) ఆవిడకి మతి నిలవడం లేదు కాబట్టి ఆ అధికారం మీ ఆయనకి రాయించండి. ఆవిడ హాస్పిటల్లో ఉన్న రోజులకి గంటలు వెయ్యకు, మోసం కింద పట్టుకుంటారు. అంతా ఒకే ఇంట్లో ఉంటున్నారు గనక ఎస్.ఓ.సి. 2298 పంపితే ఆ జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ ఉండదు. డబ్బు మాత్రం నీ సొంత అకౌంట్లో పడేలా చూసుకో.

మీ తోడికోడలికి ఈ సంగతి వేరేవాళ్ల నోట తెలియకముందే నువ్వే చెప్పు. కుదిరితే ఆవిడనీ ఎన్‌రోల్ చేయించు. నువ్వు ఇండియా వచ్చినప్పుడు అత్తగారిని చూసుకునే మనిషి దొరుకుతుంది, ఆ రోజుల జీతం తన చేతిలో పడ్డాక మాటలూ తగ్గుతాయి.

ఇట్లు,
పెద్దమ్మ