సంపుటి వేసేముందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మూడేళ్లలో 120 కవితలు రాశాను. అన్నీ కలిపి ఒకే పుస్తకంగా వేయొచ్చా?
– ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

వేయొద్దు. తొలి సంపుటికి 40, 45 కవితలు చాలు. అన్నీ ప్రింటు తీసి నేలమీద పరచండి. ఒకే పోలిక, ఒకే తరహా ముగింపు ఉన్నవాటిని జత చేయండి. ప్రతి జతలో ఒకటి పోవాలి. సభ కోసమో, పండగ సంచిక కోసమో అప్పటికప్పుడు రాసిచ్చినవి ముందు తీసేయండి. మిగిలినవి తేదీల వరసన పేర్చకండి. మొదటి నాలుగైదు కవితల్లోనే పాఠకుడు మీతో నడవాలో వద్దో తేల్చుకుంటాడు, అక్కడ తొలినాటి తడబాట్లు ఉండకూడదు. ఈ ఏరివేతలో ఆలస్యమైనా బెంగ వద్దు: శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 1940లోనే 'యోగ్యతాపత్రం' అనే ముందుమాట రాశారు, పుస్తకం 1950లో వచ్చింది.

ప్రశ్న: నా కవితలు ఉత్త వచనంలా ఉన్నాయంటున్నారు. పాదం ఎక్కడ విరవాలి? మచ్చుకు నాలుగు పాదాలు:

అవ్వ చెనిక్కాయలు ఒలిచింది
చేటలో పోసి చెరిగింది
పొట్టంతా గాలికి ఊదింది
నాకోసం కొంగులో దాచింది

– ఒక పాఠకురాలు, తిరుపతి

సరుకు మంచిది, చిక్కంతా క్రియలతోనే. తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. వాక్యం అయిపోయిన చోటల్లా పాదం విరిస్తే చివర్లన్నీ '-ంది' అవుతాయి. మీరు కోరని అంత్యప్రాస వచ్చి పడుతుంది, చెవి మొద్దుబారుతుంది, అవ్వ చేసిన పనుల పట్టీ మిగులుతుంది. ఇలా మార్చి చూడండి:

చేట నిండా చెనిక్కాయలు
ఒలుస్తూ అవ్వ.
పొట్టు గాలికి,
గుప్పెడు గింజలు
కొంగు ముడిలోకి.

'పోసి'తో కలిపి నాలుగు క్రియలు పోయాయి. మిగిలినది 'ఒలుస్తూ' కావడంతో ఆ పని ఇంకా సాగుతున్నట్టే ఉంది. 'నాకోసం' అక్కర్లేదు, కొంగు ముడే ఆ మాట చెప్పింది. అలాగని కవితంతా క్రియలు ఏరేస్తే టెలిగ్రాం అవుతుంది. గట్టిగా ఆగాల్సిన చోట ఒక '-ంది' ఉంచండి. చెనిక్కాయల్ని మాత్రం వేరుశనగ చేయకండి. పక్కన చేట, పొట్టు ఉంటే శ్రీకాకుళం పాఠకుడికైనా అర్థమవుతుంది, కింద వివరణ పెట్టనక్కర్లేదు.

ఇంకో జబ్బు కూడా చెప్పాలి, ఈమధ్య సంపుటాల్లో బాగా కనిపిస్తోంది: 'జ్ఞాపకాల వాన', 'వేదనల తీరం' లాంటి జంటలు. అందులో వానా తడపదు, జ్ఞాపకమూ కనపడదు. పెన్సిలు పట్టుకుని అలాంటివాటి కింద గీత గీయండి. కవితలో ఒకటికి మించి ఉంటే మిగతావి కొట్టేయండి. తర్వాత ఫోన్‌లో చదివి రికార్డు చేసుకుని, వారం ఆగి వినండి. మీ గొంతు ఆగిన చోటు ఒకటి, పాదం విరిచిన చోటు ఇంకొకటి అయితే ముందు గొంతునే నమ్మండి.

ప్రశ్న: అచ్చుకు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి? ఐఎస్‌బీఎన్‌కు డబ్బు అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. డెమ్మీ 1/8 అనే మామూలు పుస్తకం సైజులో ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు) 16 పేజీలు. 80 పేజీలంటే సరిగ్గా 5 ఫారాలు. 83 అయ్యాయంటే ఆరో ఫారంలో 13 పేజీలు ఖాళీ. లోపలికి 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు బాగుంటాయి.

అసలు నష్టం డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు పేర్చేటప్పుడు జరుగుతుంది. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీ వాళ్లు వాడే 'అను' ఫాంట్లకు మార్చినప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతాయి. పొడుగు పాదం పేజీ వెడల్పుకు పట్టక కిందికి దిగితే కొత్త పాదంలా కనిపిస్తుంది. ఆ ముక్కను కాస్త లోపలికి జరిపించండి. రెండు పేజీల కవితను ఎడమ పేజీలో మొదలుపెట్టించండి, పేజీ తిప్పకుండా మొత్తం కనిపిస్తుంది. చరణాల మధ్య ఖాళీ సరిగ్గా పేజీ అడుగున పడితే మాయమవుతుంది, అక్కడ ఒక పాదం పైకో కిందికో జరపండి. ఇవన్నీ స్క్రీన్ మీద దొరకవు, ప్రూఫు కాగితం మీదే చూడండి.

పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా ఒక ప్రతి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కోటి పంపాలని 1954 నాటి చట్టం. వాటిలో చెన్నై కన్నెమరా గ్రంథాలయం మీకు దగ్గరే.