ఆ తెర మీద మా ఇల్లు కూడా ఉందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చిన్న సినిమాల గురించే. స్టార్లు, పెద్ద సంస్థల అండ లేకుండా తీసినవి, ఎప్పుడూ పక్కన నిలబెట్టే మనుషులను కథ మధ్యలోకి తెచ్చినవి. నేను విశాఖలో ఎడిటింగ్ పని చేస్తాను. స్నేహితులతో కలిసి నెలకోసారి ఇలాంటి సినిమాలు ఆడిస్తుంటాను. నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. సంబంధాలు చూస్తామంటే తనకు అమ్మాయిల మీద మనసు లేదని, మగవాళ్లంటేనే ఇష్టమని చెప్పేశాడు. వాళ్ల నాన్నగారికి ఇంకా తెలియదు. నాతో వాదించలేదు. 'సాబర్ బోండ' అనే మరాఠీ సినిమా చూడమ్మా అన్నాడు. అందులో ఏముంటుందోనని టెన్షన్‌గా ఉంది. చూడమంటారా?
— పేరు వద్దన్న ఒక తల్లి, తాడేపల్లిగూడెం

చూడండమ్మా. ముందు ఒక్కరే చూడండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల మొహం చూస్తూ కూర్చుంటాం, సినిమా చూడం.

కథ చెబుతాను, సగం భయం పోతుంది. ఆనంద్ ముంబైలో కాల్ సెంటర్‌లో పనిచేసే ముప్పై ఏళ్ల మనిషి. తండ్రి చనిపోతే అమ్మతో కలిసి సొంత ఊరికి వస్తాడు. పది రోజుల మైల. ఇంటి నిండా బంధువులు. ఏడుపు ఇంకా ఆరకముందే పెళ్లి మాట ఎత్తుతారు. మన ఇళ్లలో జరగనిదా ఇది? ఆ పది రోజుల్లో అతనికి తోడు నిలిచేది బాల్య అనే చిన్ననాటి స్నేహితుడు. వ్యవసాయం చేసుకునే కుర్రాడు, అతని ఇంట్లోనూ పెళ్లి ఒత్తిడే. నాగజెముడు పళ్లు కోసి ఆనంద్‌కు తెచ్చి ఇస్తాడు. సినిమాకు ఆ పళ్ల పేరే పెట్టారు. ఇద్దరి మధ్య దగ్గరితనం చూపే సన్నివేశాలు ఉన్నాయి, ముందే చెబుతున్నాను. వాటిలో వెకిలితనం ఏమీ లేదు.

మీ అబ్బాయి ఈ సినిమానే ఎందుకు చెప్పాడో నాకు తెలిసిపోయిందనిపిస్తోంది. ఇందులో అమ్మకు కొడుకు సంగతి తెలుసు. ఆమె పెద్దగా చదువుకున్న మనిషి కాదు. ఉపన్యాసం ఇవ్వదు, కన్నీళ్లతో కౌగిలించుకునే పెద్ద సీను ఏదీ పెట్టలేదు. బంధువులు నిలదీసినప్పుడు కొడుకు పక్షాన ఉంటుంది, అంతే. మీ వాడు మీ నుంచి కోరుకుంటున్నది కూడా అంతే అయ్యుండొచ్చు.

దర్శకుడు రోహన్ కనవడే తన తండ్రి పోయినప్పుడు ఊళ్లో గడిపిన రోజుల నుంచే ఈ కథ అల్లుకున్నారు. ఆయనను కూడా అప్పుడు బంధువులు పెళ్లి పెళ్లి అని వేధించారు. 2025 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో విదేశీ కథాచిత్రాల విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి దీనికే వచ్చింది. మన దేశంలో థియేటర్లకు తెచ్చింది మన రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా.

సినిమా సంగతి కాకపోయినా ఇంకో మాట చెప్పాలి. రేపు ఎవరో ఒకరు 'డాక్టర్‌కు చూపిస్తే మారతాడు' అంటారు. వినకండి. ఇలా 'మారుస్తామని' చేసే చికిత్సను వృత్తి దుష్ప్రవర్తనగా చూడాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. దానికి దారి తీసింది మద్రాసు హైకోర్టులో నడిచిన ఒక కేసు. అందులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021లో తీర్పు చెప్పే ముందు, ఈ విషయం తనకే సరిగ్గా అర్థం కావాలని ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. హైకోర్టు జడ్జి గారే నేర్చుకోవడానికి సమయం తీసుకున్నారమ్మా. మీరూ తీసుకోండి. కాకపోతే ఆ సమయంలో అబ్బాయితో మాట మానేయకండి. సినిమా చూశాక ఫోన్ చేసి, ఆ అమ్మ పాత్ర గురించే మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇలాంటి సినిమాలు ఎందుకు ఇంత నెమ్మదిగా, ఇంత ఏడుపుగా ఉంటాయి? నవ్వుకుంటూ చూసేది ఒక్కటి చెప్పండి, చాలు.
— ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

'అఖునీ' చూడండి. 2019లో తీశారు, మరుసటి ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దర్శకుడు నికొలస్ ఖర్కొంగర్. ఢిల్లీలో అద్దెకుండే ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లు, అమ్మాయిలు స్నేహితురాలి పెళ్లికి తమ వంటకం ఒకటి వండాలనుకుంటారు. పులియబెట్టిన సోయా గింజలతో పంది మాంసం కూర. ఆ వాసనకు కాలనీ అంతా లేస్తుంది. గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ, మేడామేడా తిరగడమే కథ. అపార్ట్‌మెంట్‌లో ఎండుచేపలు వేయించిన రోజు అసోసియేషన్ సెక్రటరీ తలుపు కొట్టిన అనుభవం ఉన్నవాళ్లకు ఇందులో ప్రతి సీనూ తెలిసినట్టే ఉంటుంది.

ఒక లోటు ఉంది. ముఖ్యమైన పాత్రల్లో ఒకటి ఈశాన్యానికి చెందని నటి సయానీ గుప్తాకు ఇచ్చారు. అక్కడి వాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. వాళ్లు బాధపడటం న్యాయమే అంటాను, ఆవిడ బాగా చేసినా సరే. మా వాసన భరించండి అని అడిగే సినిమాలో మా ముఖమే లేకపోతే ఎలా?

ప్రశ్న: అక్కా, నేను సవర కుర్రాణ్ని. డిగ్రీ రెండో సంవత్సరం. సినిమాల్లో మావాళ్లంటే ఆకులు కట్టుకుని గెంతేవాళ్లే. మా ఊరి మీద, మా భాషలో ఒక సినిమా తీయాలని ఉంది. నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. ఎవరు చూస్తారని ఇంట్లో నవ్వుతున్నారు.
— ఒక విద్యార్థి, సీతంపేట

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ముందు రీమా దాస్ గురించి విను. అస్సాంలో ఛయ్‌గావ్ దగ్గర ఒక పల్లె ఆమెది. నటి అవుదామని ముంబై వెళ్లింది. సినిమా తీయడం ఏ కాలేజీలోనూ చదవలేదు. సొంత ఊరికి తిరిగొచ్చి 'విలేజ్ రాక్‌స్టార్స్' తీసింది. రాసింది, కెమెరా పట్టింది, ఎడిట్ చేసింది, డబ్బూ తనే పెట్టుకుంది. ధును అనే పదేళ్ల పిల్లకు గిటార్ కొనుక్కోవాలని ఆశ. ఊళ్లో పిల్లలు థర్మకోల్‌తో చేసుకున్న వాయిద్యాలతో బ్యాండ్ కడతారు. అమ్మ కష్టపడుతుంది, వరద వస్తుంది, పంట పోతుంది. ఇంతే కథ. నటించింది ఊరి పిల్లలే. 2018లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో అదే ఉత్తమ చిత్రం, ఆ ఏడాది ఆస్కార్‌కు మన దేశం పంపిందీ అదే. లొకేషన్ సౌండ్‌కు, అంటే షూటింగ్ జరిగే చోటే శబ్దం పట్టినందుకు, ఇదే సినిమాకు జాతీయ అవార్డు అందుకున్న మల్లికా దాస్ ఆమె కజినే.

'భాష చిన్నది, ఎవరు చూస్తారు' అనే మాటకూ జవాబుంది. అరుణాచల్‌లో కొద్ది వేల మంది మాట్లాడే షెర్టుక్‌పెన్ భాషలో సాంగే దోర్జీ తొంగ్‌డోక్ 2013లో 'క్రాసింగ్ బ్రిడ్జెస్' తీశారు. దానికీ జాతీయ అవార్డు వచ్చింది. నీ భాషకైతే గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి, నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాసిపెట్టారు. బయటి మనిషి అంత పని చేశాడు, ఆ భాషలో పుట్టినవాడివి నువ్వు వెనకాడటం ఎందుకు?

ఇక పని. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నా ముందుకొచ్చే చిన్న సినిమాల్లో పాడయ్యేది బొమ్మ కాదు, సౌండ్. దృశ్యం కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. డబ్బింగ్‌లో చూసుకుందాం అనుకోకు. సవర మాట్లాడే గొంతులను తెచ్చి స్టూడియోలో కూర్చోబెట్టడం నీకు అయ్యే ఖర్చు కాదు, పైగా కొండ మీద మాట్లాడిన మాట గదిలో రాదు. ఇంకో ఫోన్ అడిగి తెచ్చుకో. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడే మనిషి జేబులో ఉంచు. షాట్ మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టు, తర్వాత బొమ్మనూ మాటనూ కలపడానికి అదే గుర్తు. ప్రతి చోటా అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి అర నిమిషం ఆ చోటి శబ్దం విడిగా పట్టు. పురుగుల రొద, గెడ్డ పారే చప్పుడు, ఏదైనా సరే. నీ సినిమాను ఎడిట్ చేసేవాళ్లు నీకు దండం పెడతారు.

మొదటి సినిమాలో సవరల చరిత్ర మొత్తం చెప్పాలని చూడకు. ఒక మనిషిని తీసుకో, ఆ మనిషికి ఒక పని ఇవ్వు. సంతకు జీడిపిక్కలు తీసుకెళ్లిన మీ పిన్నికి ఆ రోజు ఏమైందో చెప్పు. ధర దగ్గర గొడవ పడిందా, ఆటో దొరక్క నడిచొచ్చిందా, ఎవరి మీద నవ్వుకుంది? మీవాళ్లను తెర మీద చూసి జాలిపడటం, మురిసిపోవడం రెండూ జనానికి అలవాటే. పక్కింటి మనిషిని చూసినట్టు చూసే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

పూర్తి చేసే ముందు, అందులో కనపడిన ప్రతి ఒక్కరికీ చూపించు. 'రైటింగ్ విత్ ఫైర్' అనే డాక్యుమెంటరీ ఉంది. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో 2002 నుంచి నడుస్తున్న 'ఖబర్ లహరియా' పత్రికలోని దళిత మహిళా విలేకరుల మీద తీశారు. పుస్తకంలో నోట్సు రాసుకున్న చేతులు స్మార్ట్‌ఫోన్ పట్టడం ఎలా నేర్చాయో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. 2022లో ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పత్రిక వాళ్లు, మా పనిలో ఒక ముక్కనే చూపించారు, అది మా పూర్తి కథ కాదని ప్రకటన ఇచ్చారు. తీసినవాళ్లది చెడ్డ ఉద్దేశమని నేను అనను. అయినా ఆ అభ్యంతరం పెద్దది. నీ ఊళ్లో ఎవరూ నీతో ఆ మాట అనకూడదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకు పదహారేళ్లు. ఇక్కడే పుట్టింది. 'నేను ఎక్కడి దాన్నమ్మా' అని అడుగుతోంది. ఇండియన్ పిల్లల మీద వచ్చిన సిరీస్‌లన్నీ చూసేసింది. ఇంకేమైనా ఉందా?
— ఒక తల్లి

'రిజర్వేషన్ డాగ్స్' చూడమనండి. ఇది మన పిల్లల మీద కాదు, మీ పక్క రాష్ట్రం ఓక్లహోమాలోని మూలవాసుల పిల్లల మీద. సెమినోల్, మస్కోగీ తెగలకు చెందిన స్టెర్లిన్ హార్జో, న్యూజిలాండ్‌కు చెందిన టైకా వైటీటీ కలిసి రూపొందించారు. 2021 నుంచి 2023 వరకు మూడు సీజన్లు, 28 ఎపిసోడ్లు. రాసినవాళ్లు, దర్శకులు, ప్రధాన నటులు మూలవాసులే. నలుగురు టీనేజర్లు. స్నేహితుడు డేనియల్ చనిపోయాడు. అతను కలగన్న కాలిఫోర్నియాకు పారిపోవాలని డబ్బు కూడబెడుతుంటారు. పారిపోదామనుకున్న ఊరే మెల్లమెల్లగా వాళ్లను పట్టుకుంటుంది. అత్తలు, మామయ్యలు, తలతిక్క దెయ్యం ఒకటి, వీళ్లందరితో నవ్విస్తుంది, ఉన్నట్టుండి గొంతు పట్టేలా చేస్తుంది. బూతులు బాగానే ఉంటాయి, పదహారేళ్ల పిల్లకు అవి కొత్తేమీ కావు.

సిరీస్ చాలావరకు తీసిన ఓక్‌మల్గీ పట్టణం మీకు నాలుగైదు గంటల డ్రైవ్. పాప అడిగే ప్రశ్నను, అదే నేల మీద ఎన్నో తరాలుగా ఉన్నవాళ్ల పిల్లలు కూడా అడుగుతున్నారని తను చూడటం మంచిది. సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. నటన నేర్చుకున్నాను. ఆడిషన్‌కు వెళ్తే సిగ్నల్ దగ్గర చేయి చాచే సీను, హీరో ఫ్రెండ్‌ను ఏడిపించే సీను, ఇవే. మంచి పాత్ర ఉంటే మగ నటుడికి ఇస్తారు. ఆశ పెట్టుకోవచ్చా?
— హైదరాబాద్

పెట్టుకోండి. కన్నడలో 'నాను అవనల్ల అవళు' చూడండి. లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా తీసింది. సంచారి విజయ్ గొప్పగా నటించారు, జాతీయ అవార్డూ వచ్చింది. చూస్తున్నంతసేపూ ఈ పాత్ర మీలాంటి వాళ్లకు ఇచ్చి ఉంటే అనిపిస్తూనే ఉంటుంది. తర్వాత తమిళ 'పేరన్బు'లో అంజలీ అమీర్ మమ్ముట్టి పక్కన నటించారు. 2023లో 'మేడ్ ఇన్ హెవెన్' రెండో సీజన్‌లో త్రినేత్ర హల్దార్ గుమ్మరాజు వేసిన మెహర్ పాత్రకు ఆఫీసు ఉంది, పని ఒత్తిడి ఉంది, ప్రేమలో ఎదురుదెబ్బలు ఉన్నాయి.

తెలుగులో ఇంకా ఆ స్థాయి పాత్ర నా కంట పడలేదు, బాధగానే చెబుతున్నాను. అయితే 2018 సెప్టెంబర్ 7న విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం' ఒక దారి చూపించింది. దర్శకుడు వెంకటేశ్ మహా కంచరపాలెం వచ్చి ఆ వీధుల్లో మనుషులనే వెతికి పెట్టుకున్నారు. హీరో రాజు వయసు 49, పెళ్లి కాలేదు. 'వీడిలో ఏదో తేడా' అని ఊరంతా గుసగుస. ఆ గుసగుస మీకు నాకంటే బాగా తెలుసు. అటెండర్‌గా చేసే ఆ మనిషికి ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారిణితో ప్రేమ కుదురుతుంది. రాజుగా నటించిన సుబ్బారావు గారు స్థానికులే. మా విశాఖలో జనం ఆ సినిమాకు కుటుంబాలతో వెళ్లారు. ముఖం కొత్తదని ఎవరూ లేచి రాలేదు.

కాబట్టి మీ ఆడిషన్ వీడియో మార్చండి. బాధాకరమైన గతం చెప్పే మోనోలాగ్ తీసేయండి, అది అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు. టైలర్‌గా, బ్యాంకు క్లర్కుగా, అద్దె పెంచిన ఇంటి ఓనరుగా రెండేసి నిమిషాలు చేసి పంపండి. కొత్త దర్శకులు, షార్ట్ ఫిల్మ్ వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ చెబుతున్నాను: ఓనరు పాత్రకు ఈమెను పిలవండి. ఉత్తరం రాస్తే వివరాలు, ఆమె అనుమతితో, పంపుతాను.

ప్రశ్న: మా ఊళ్లో లైబ్రరీ హాలులో ఇవి ఆడించాలని ఉంది. నా ఓటీటీ అకౌంట్ నుంచి ప్రొజెక్టర్‌కు పెట్టేస్తే సరిపోతుందా?
— ఒక టీచరు, మధిర

సరిపోదండీ. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే. నలుగురికి ఆడించాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి, సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. చిన్న సినిమా దర్శకులకు మెయిల్ రాస్తే చాలాసార్లు వాళ్లే జవాబిస్తారు. తేదీ, హాలు పేరు, ఎంతమంది వస్తారు, టికెట్ ఉందా లేదా రాయండి. ఎంతో కొంత రుసుము ఇవ్వండి, ఉచితంగా అడగకండి. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయేమో ముందే కనుక్కోండి, లేకపోతే వెనక వరుసలోని పెద్దవాళ్లు అరగంటలో ఇంటికి వెళ్లిపోతారు. మొదటి ఆటకు 'అఖునీ' అడిగి చూడండి. ఆట అయ్యాక కుర్చీలు వెంటనే ఎత్తించేయకండి.