అంతర్జాతీయ న్యాయంలో ఒక్క అమ్మాయి ఏం చేయగలదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. లా చేసి అంతర్జాతీయ న్యాయంలోకి వెళ్తానంటోంది. ఒప్పందాలు చేసుకునేది దేశాలు కదా, అందులో మామూలు మనిషి చేసేదేముంటుంది? రేపు బతుకుతెరువు ఎలాగని నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సంతకాలు పెట్టేది దేశాలేనండీ. ఆ కాగితంలో ఏ మాట ఉండాలో పట్టుబట్టేది మాత్రం మనుషులే. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు న్యాయవాది నాజీల చేతిలో తనవాళ్లను ఎందరినో పోగొట్టుకున్నాడు. ఆ నేరానికి పేరే లేదని 1944లో ‘జెనోసైడ్’ అనే మాట పుట్టించాడు. దేశాల ప్రతినిధుల వెంటపడి తిరిగాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆ నేరంపై ఒప్పందాన్ని ఆమోదించింది. మర్నాడే ఆమోదం పొందిన మానవ హక్కుల ప్రకటనలో ‘పురుషులందరూ’ అన్న అర్థం రాకుండా ‘మానవులందరూ’ అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆమె లాయర్ కూడా కాదు.

మీ అమ్మాయికి మాత్రం వనువాటు సంగతి చెప్పండి. పసిఫిక్ సముద్రంలో చిన్న ద్వీపదేశం అది. అక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో లా చదివే 27 మంది విద్యార్థులు 2019లో ఒక ఆలోచన చేశారు: వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతేమిటో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగిద్దామని. ముందు వనువాటు ప్రభుత్వాన్ని ఒప్పించారు. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి ఆ ప్రశ్నను కోర్టుకు పంపింది. 2025 జూలై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పారు: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత అని. ఇది సలహా మాత్రమే, తీర్పులా కట్టిపడేయదు. అయినా క్లాసులో పుట్టిన ప్రశ్న అంత దూరం వెళ్లింది.

ఇక బతుకుతెరువు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు చాలా తక్కువ, పోటీ విపరీతం. అందుకే ముందు మన దేశపు చట్టం గట్టిగా నేర్చుకుని, లాయర్లను నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, ఇక్కడ కేసు వాదించగలిగేలా తయారవ్వాలి. హైదరాబాద్ నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఇందుకు మంచివి. వాటిలో సీటు రాకపోతే, రాష్ట్రంలోని మిగతా లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఉంది. కాలేజీలో చేరాక మూట్ కోర్టు, అంటే విద్యార్థులు ఊహాజనిత కేసు వాదించే పోటీ, వదలొద్దు. ఫ్రెంచ్ కూడా నేర్చుకోమనండి, హేగ్ కోర్టు ఇంగ్లిష్‌తో పాటు ఆ భాషలోనే నడుస్తుంది.

నల్సార్, దామోదరం సంజీవయ్య లాంటి జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ సాధారణంగా డిసెంబరులో ఉంటుంది, దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. తేదీ ఈ వారమే చూసుకోండి.