సినిమా తీయాలని లేదు, చూపించాలని ఉంది

ప్రశ్న: మా అమ్మాయి సాహిత్యంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక చిన్న ఆర్ట్‌హౌస్ సినిమా హాల్లో వాలంటీరుగా వెళ్తుంటుంది. అక్కడ మామూలు థియేటర్లకు రాని సినిమాలు వేస్తారు, స్కూలు పిల్లలకు సినిమా క్లాసులు పెడతారు. ఇదే నా కెరీర్ అంటోంది. డైరెక్షన్ మీద, నటన మీద ఆసక్తి లేదట. సినిమాలు చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా? తర్వాత ఏం చదివించాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగమేనండీ, అదీ ఈనాటిది కాదు. ఐరిస్ బారీ అనే సినీ విమర్శకురాలు 1925లో లండన్ ఫిల్మ్ సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1935లో ఫిల్మ్ లైబ్రరీ పెట్టినప్పుడు దానికి తొలి క్యురేటర్, అంటే ఆ సేకరణను చూసుకునే మనిషి, ఆమే. ఆడేసిన సినిమాను దాచుకోవాలన్న ఆలోచనే చాలామందికి లేని రోజులవి. ఆ లైబ్రరీ సినిమాలు సేకరించి ఊరుకోలేదు. వాటిని ఒక వరుసలో కూర్చి, పరిచయ వ్యాసాలు జతచేసి కాలేజీలకు పంపేది. మీ అమ్మాయి ఇష్టపడుతున్నదీ ఇలాంటి పనే. సినిమా తీయాలన్న కోరిక లేకపోవడం ఇక్కడ లోటు కాదు.

కాకపోతే ఈ పని గురించి బయట అనుకునేది వేరు, లోపల జరిగేది వేరు. హాల్లో ఏ సినిమాలు వేయాలో చూసుకునేవాళ్లను ప్రోగ్రామర్ అంటారు. మంచి సినిమాలు ఎంచి వేయడమే వాళ్ల పని అనుకుంటారు. ఎంపికకు పట్టే సమయం తక్కువ. ఆ సినిమా హక్కులు ఎవరి దగ్గరున్నాయో వెతకడం, వాళ్లను ఒప్పించడం, ఒక్క షోకు ఇంత అనో, టికెట్ డబ్బులో ఇంత శాతం అనో బేరం కుదుర్చుకోవడం, వీటితోనే రోజు గడిచిపోతుంది. డీవీడీ కొన్నంత మాత్రాన, ఓటీటీ చందా కట్టినంత మాత్రాన పదిమందికి బహిరంగంగా చూపించే హక్కు రాదు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

తర్వాత ప్రొజెక్షన్. ఇప్పుడు థియేటర్‌కు సినిమా ఎక్కువగా డీసీపీ అనే డిజిటల్ ఫైళ్ల కట్టగా వస్తుంది. దానికి తాళం ఉంటే, తెరిచే కీ ఫలానా థియేటర్ యంత్రంలోనే, ఫలానా తేదీల మధ్యే పనిచేస్తుంది. ముందే పరీక్షించుకోకపోతే హాలు నిండా జనం కూర్చున్నాక తెర నల్లగా ఉండిపోతుంది. కొలతలు సరిగ్గా పెట్టకపోతే నటుల తలలు తెగిపోతాయి, సబ్‌టైటిల్స్ తెర కిందికి జారిపోతాయి. మీ అమ్మాయిని ప్రొజెక్షన్ గదిలోకి వెళ్లి నేర్చుకోమనండి. సినిమా గురించి బాగా మాట్లాడేవాళ్లు చాలామంది వస్తారు. మాట్లాడటంతో పాటు షో నడపడం కూడా వచ్చినవాళ్లనే చిన్న హాళ్లు వదులుకోవు.

ఇక విద్యా కార్యక్రమాలు. నన్నడిగితే మీ అమ్మాయి తలుపు తట్టాల్సింది ఇటువైపే. ప్రోగ్రామర్లు హాలుకు ఒకరో ఇద్దరో ఉంటారు, ఆ కుర్చీ ఎప్పుడో గాని ఖాళీ కాదు. పిల్లలతో పని చేయగలిగినవాళ్ల అవసరం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1989 నుంచి హైస్కూలు వయసు పిల్లలకు, 1994 నుంచి చిన్న తరగతులకు సినిమా పథకాలున్నాయి. స్కూలు వేళల్లోనే పిల్లలను థియేటర్‌కు తీసుకెళ్లి, ఏడాది పొడవునా ఎంపిక చేసిన సినిమాలు పెద్ద తెర మీద చూపిస్తారు, తిరిగొచ్చాక క్లాసులో వాటి మీద పని చేయిస్తారు. ఇలాంటి కార్యక్రమానికి చూసేముందు చెప్పాల్సిన నాలుగు మాటలు, టీచర్లకు ఇచ్చే పాఠ్య సామగ్రి, చూశాక నడిపే చర్చ, అన్నీ ఎవరో ఒకరు తయారు చేయాలి. సాహిత్యం చదివిన అమ్మాయికి ఇది చేతికందే పని.

చర్చ నడపడం మాత్రం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. “సినిమా ఎలా ఉంది?” అంటే పిల్లలు “బాగుంది” అని ఊరుకుంటారు. “ఆ అబ్బాయి తలుపు వేసేటప్పుడు మనకు మొహం ఎందుకు చూపించలేదు?” అని అడిగితే పది చేతులు లేస్తాయి. ఆ తర్వాత తను తెలుసుకున్నదంతా చెప్పేయకుండా పిల్లల మాట వినగలగాలి. ఆటిజం ఉన్న పిల్లల కోసం లైట్లు పూర్తిగా ఆర్పకుండా, సౌండ్ తగ్గించి, మధ్యలో లేచి తిరిగే వీలుతో షోలు వేస్తారు. చూపు లేనివారికి వినిపించే వ్యాఖ్యానం ఉంటుంది. ఇవి తెలిసినవాళ్లు తక్కువ, కావాల్సిన చోట్లు ఎక్కువ.

డబ్బు సంగతి దాచను. ఇలాంటి హాళ్లలో చాలావాటికి టికెట్ల ఆదాయం ఒక్కటే చాలదు. సభ్యత్వాలు, విరాళాలు, గ్రాంట్లు కలిస్తేనే నడుస్తాయి. అందుకే జీతాలు పెద్దగా ఉండవు, మొదట్లో పార్ట్‌టైమ్ పనులే ఎక్కువ. తొలి కొన్నేళ్లు పక్కన ఇంకో ఆదాయం ఉండాలి. సబ్‌టైటిల్స్ రాయడం, టీచింగ్, ఎడిటింగ్, ఏదైనా సరే, ఇదే రంగానికి దగ్గరగా ఉంటే మంచిది. గ్రాంటు దరఖాస్తు రాయడం, ఖర్చులకు లెక్క చూపడం వస్తే ఆమె విలువ ఇంకా పెరుగుతుంది.

చదువు విషయంలో తొందరపడి పెద్ద ఫీజులు కట్టకండి. ముందు పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ నిర్వహించే ఫిల్మ్ అప్రిసియేషన్ (సినిమాను అర్థం చేసుకుంటూ చూడటం) లాంటి స్వల్పకాలిక కోర్సు ఒకటి చేయనివ్వండి. ఆసక్తి నిలిస్తే ఫిల్మ్ స్టడీస్‌లో పీజీ చేయవచ్చు. పిల్లలతో పనే ముఖ్యమనుకుంటే బీఈడీ మేలు. స్కూళ్లతో మాట్లాడేటప్పుడు ఆ డిగ్రీకి ఉండే బరువు వేరు. పాత ఫిల్ములను కాపాడే పని నచ్చితే అది మరో దారి. అమెరికాలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియంలో దానికోసం 1996 నుంచి ప్రత్యేకంగా ఒక స్కూలే నడుస్తోంది.

ఈలోగా, డిగ్రీ పూర్తయ్యేలోపు, ఆ హాలువాళ్లను అడిగి ఒక మూడు సినిమాల చిన్న వరుస మొత్తం తానే నడిపించమనండి. హక్కులు అడగడం దగ్గర్నుంచి చర్చ దాకా. ప్రతి షోకు ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది, పిల్లలు ఏం అడిగారు, తర్వాతి షోకు ఏం మార్చింది, అన్నీ రాసి ఉంచుకోవాలి. రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు తనకిష్టమైన సినిమాల జాబితా బదులు ఆ కాగితాలు జతచేయమనండి.